రోమన్ యుద్ధాల స్ట్రాటజీ గేమ్‌కి టెక్నాలజీలు, యూనిట్లు రూపొందించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ సొంతంగా గేమ్ తయారుచేస్తున్నవాళ్ల కోసం, ఉన్న గేమ్‌లకి మాడ్‌లు రాస్తున్నవాళ్ల కోసం. ఇందులో రెండు రకాల అంకెలున్నాయి. సైన్యాల లెక్కలు, కొలతలు, సంవత్సరాలు చరిత్ర చెప్పినవి. దాడి, రక్షణ, ధైర్యం లాంటి పాయింట్లు గేమ్ మొదలుపెట్టుకోవడానికి పనికొచ్చే తొలి విలువలు. వాటిని మీ ప్లేటెస్ట్‌ని బట్టి మార్చుకోవాల్సిందే.

ఏ కాలాన్ని ఎంచుకోవాలి? రోమ్ చరిత్ర అంతా పెట్టేయకూడదా?

పెట్టకండి. రోములస్ కథల నుంచి చివరి చక్రవర్తుల దాకా వెయ్యేళ్లకి పైనే ఉంది. అంత కాలానికి యూనిట్లు చేస్తే ప్రతి ఒక్కటీ ముందుదానికి పాయింట్లు పెంచిన కాపీగా మిగులుతుంది.

మొదటి గేమ్‌కి క్రీ.పూ. 264 నుంచి 146 వరకు, అంటే ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌తో మూడు యుద్ధాల కాలం, అన్నిటికన్నా అనువైనది. శత్రువులందరూ ఒకరిలా ఒకరు ఉండరు. కార్తేజ్‌కి ఓడలు, కిరాయి సైన్యాలు, ఏనుగులు. మాసిడోనియాకి సరిస్సా అనే పొడవాటి ఈటెలతో బిగువుగా నిలబడే ఫాలాంక్స్. గాల్ తెగలకి మొదటి ఊపులో వచ్చే దూకుడు. నుమిడియాకి తేలికపాటి గుర్రపు దళం. రోమన్ సైన్యం వీళ్లందరితోనూ ఒకే అమరికతో తలపడింది కాబట్టి ఆటగాడికి నేర్చుకోవలసింది తక్కువ, ఆలోచించాల్సింది ఎక్కువ.

కాలం ఎంచుకున్నాక గీత దాటొద్దు. పలకల కవచం, అంటే లోరికా సెగ్మెంటాటా, ఈ కాలంలో లేదు. క్రీ.శ. 9 నాటి యుద్ధస్థలంగా భావించే జర్మనీలోని కాల్‌క్రీజేలో దొరికినవి దాని తొలి ఆనవాళ్లలో ఉన్నాయి. కార్తేజ్ సేనాపతి హానిబాల్ ఎదురుగా పలకల కవచాల సైనికుల్ని నిలబెడితే చరిత్ర తెలిసిన ఆటగాడు మొదటి నిమిషంలోనే నమ్మకం కోల్పోతాడు.

ఒక యూనిట్‌లో ఎంతమంది ఉండాలి?

గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ ఇచ్చిన లెక్క ప్రకారం మామూలు లీజియన్‌లో, అంటే రోమన్ల ప్రధాన సైన్య విభాగంలో, 4,200 మంది కాల్బలం: తేలికపాటి కాల్బలమైన వెలితేస్ 1,200, హస్తాతి 1,200, ప్రింకిపేస్ 1,200, త్రియారీ 600. వీళ్లకి తోడు 300 మంది రౌతులు. అసలు దళం పేరు మానిపులస్. హస్తాతి, ప్రింకిపేస్‌లకి ఒక్కోదానిలో 120 మంది, త్రియారీకి 60. ఆ లెక్కన భారీ కాల్బలమే 30 దళాలవుతుంది. ఫోన్ తెర మీద అన్నిటిని నడపడం ఎవరివల్లా కాదు.

యూనిట్‌కి 300 మంది అనుకుంటే లెక్క చక్కగా కుదురుతుంది: 4 వెలితేస్, 4 హస్తాతి, 4 ప్రింకిపేస్, 2 త్రియారీ, 1 గుర్రపు దళం. మొత్తం 15. ప్రతి లీజియన్ పక్కన ఇటలీ మిత్రుల దళం కూడా నడిచేది. మిత్రుల కాల్బలం దాదాపు రోమన్లంతే, రౌతులు మాత్రం మూడు రెట్లు. ఆ దళాన్ని ఏఐకి అప్పగించి, మూడే మూడు ఆజ్ఞలు ఇచ్చే వీలు పెట్టండి: నిలబడు, ముందుకి, వెనక్కి.

హస్తాతి, ప్రింకిపేస్, త్రియారీ చూడ్డానికి ఒకేలా ఉన్నారు. తేడా ఎలా చూపాలి?

వాళ్ల మధ్య అసలు తేడా వయసు. పడుచువాళ్లు ముందు, నడివయసులో బలంగా ఉన్నవాళ్లు మధ్యలో, అనుభవజ్ఞులు వెనక. బాగా చిన్నవాళ్లు, పేదవాళ్లు వెలితేస్. కాబట్టి ఈ మూడింటినీ బరాక్స్‌లో విడివిడిగా కొనే సరుకులా పెట్టకండి. హస్తాతిగా చేరినవాడు రెండు మూడు యుద్ధాలు బతికి బయటపడితే ప్రింకిపేస్ అవ్వాలి, తర్వాత త్రియారీ అవ్వాలి. అప్పుడు ముందు వరుసని అనవసరంగా చంపించిన ఆటగాడికి పదేళ్ల తర్వాత త్రియారీ కరువవుతుంది. ఏ ట్యుటోరియల్ కూడా ఇంత బాగా నేర్పలేదు.

తొలి విలువలు ఇలా పెట్టుకోవచ్చు. హస్తాతి: దాడి 10, రక్షణ 12 (కవచం 3, డాలు 5, నైపుణ్యం 4), ధైర్యం 55. ప్రింకిపేస్: దాడి 11, రక్షణ 14, ధైర్యం 65. త్రియారీ: దాడి 11, రక్షణ 16, ధైర్యం 80. వెలితేస్: దాడి 7, రక్షణ 7, ధైర్యం 40, కానీ పరుగు అందరికన్నా వేగం.

ఆయుధాల్లో ఒక్క తేడా తప్పక చూపాలి. హస్తాతి, ప్రింకిపేస్ చేతిలో పీలుం అనే విసిరే ఈటె ఉంటుంది, త్రియారీ చేతిలో పొడిచే ఈటె. కవచం ఎవరి డబ్బుతో వాళ్లు తెచ్చుకునేవారు. పదివేల డ్రాక్మాల పైబడి ఆస్తి ఉన్నవాళ్లకి గొలుసు కవచం, మిగతావాళ్లకి గుండె మీద జానెడు కంచు పలక. ఒకే యూనిట్‌లో రెండు రకాల బొమ్మలూ కలిపి నిలబెడితే సైన్యం అచ్చంగా ఆ కాలానిదిలా కనిపిస్తుంది.

తెలుగువాళ్లకి ఒక మాట. ‘హస్తాతి’ అనగానే మనకి హస్తం గుర్తొస్తుంది. దానికీ దీనికీ సంబంధం లేదు. లాటిన్‌లో హస్తా అంటే ఈటె. యూనిట్ బొమ్మ మీద చెయ్యి గుర్తు వేయకండి.

దెబ్బ తగిలే లెక్క ఎలా రాయాలి?

దాడిలోంచి కవచాన్ని తీసేసే పద్ధతి వద్దు. దాడి 10, కవచం 9 అయితే మిగిలేది 1. కవచం ఒక్క పాయింట్ పెరిగితే సున్నా. అంటే ఒక చిన్న అప్‌గ్రేడ్ సైన్యాన్ని అజేయం చేసేస్తుంది.

హెచ్చవేత పద్ధతి వాడండి. ప్రతి 2 సెకన్లకి ఒక వేటు. ఎదుటివాడు పడిపోయే అవకాశం = 2 శాతం × 1.08^(దాడి − రక్షణ). కనిష్ఠం అర శాతం, గరిష్ఠం 8 శాతం. 1.08ని తొమ్మిదిసార్లు హెచ్చిస్తే దాదాపు 2 వస్తుంది కాబట్టి, తేడా 9 పెరిగితే అవకాశం రెట్టింపు అని గుర్తుపెట్టుకుంటే చాలు.

హస్తాతి మీద హస్తాతి: తేడా −2, అవకాశం సుమారు 1.7 శాతం. 300 మంది ఆరు వరుసల లోతున నిలబడితే ముందు 50 మంది ఉంటారు. నిమిషానికి 26 మంది, నాలుగు నిమిషాలకి వందమంది పడతారు. యూనిట్‌లో మూడో వంతు పోయేసరికి నాలుగు నిమిషాలు పట్టాలి. అంతకన్నా త్వరగా ముగిస్తే వెనక వరుసల్ని రప్పించే వ్యవధి ఆటగాడికి ఉండదు, ఇక మూడు వరుసల సైన్యం పెట్టి లాభమేముంది?

పీలుంని మామూలు బాణంలా పెడితే సరిపోదా?

సరిపోదు. బాణం దూరాన్నుంచి నెమ్మదిగా అరగదీస్తుంది. పీలుం కలబడే ముందు ఒకే ఒక్క ఊపులో ఎదుటి వరుసని చెదరగొడుతుంది. క్రీ.పూ. 58లో హెల్వెటీ తెగతో యుద్ధం గురించి సీజర్ రాసింది చూడండి: ఒక్క పీలుం రెండు మూడు డాళ్లలోంచి దూసుకుపోయి వాటిని కలిపి కుట్టేసింది, ఇనుప మొన వంగిపోవడంతో పీకడం కుదరలేదు, చివరికి చాలామంది డాళ్లు పారేసి ఒట్టి ఒంటితో పోరాడారు.

అందుకే పీలుంకి ప్రాణాలు తీసే శక్తి కొంచెమే ఇచ్చి, డాలు మీద దెబ్బ ఎక్కువ పెట్టండి. తగిలిన యూనిట్‌కి 40 సెకన్లపాటు డాలు విలువ 5 నుంచి 0కి పడిపోవాలి. పై లెక్క ప్రకారం హస్తాతి రక్షణ 12 నుంచి 7కి దిగితే పడిపోయే అవకాశం 1.7 నుంచి 2.5 శాతానికి పెరుగుతుంది. అంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. దానితోపాటు ధైర్యం 8 తగ్గించండి.

ఒక్కొక్కరి దగ్గర రెండు పీలాలు. విసిరే దూరం 20 మీటర్లు, ఒక్కో విసురుకి 4 సెకన్లు. శత్రువు నడుచుకుంటూ వస్తే రెండూ విసరొచ్చు. సెకనుకి 5 మీటర్ల చొప్పున పరిగెత్తుకొస్తే ఒక్కదానికే సమయం. ఈ తేడా దానంతటదే పుడుతుంది, ప్రత్యేక నియమం రాయనక్కర్లేదు.

ఇక్కడ అందరూ పడే గుంట ఒకటుంది. దూకమని ఆజ్ఞ ఇచ్చాక యూనిట్ ఆగి, విసిరి, అక్కడే నిలబడిపోతుంది. కారణం: విసరడం పూర్తయ్యాక ‘ఖాళీ’ స్థితికి వెళ్లేలా కోడ్ రాయడం. నడక, విసురు, కత్తి దూయడం, దూకుడు అనే నాలుగు స్థితుల్ని ఒక గొలుసుగా కట్టండి. మధ్యలో శత్రువు 5 మీటర్లలోకి వస్తే ఏ స్థితిలో ఉన్నా నేరుగా కత్తికి మారాలి.

యూనిట్ ధర ఎలా నిర్ణయించాలి?

ఊహ మీద వదలకండి, పోరులో బలాన్ని లెక్కగట్టే లాంచెస్టర్ సూత్రాలు రెండూ తెలిస్తే చాలా గందరగోళం తప్పుతుంది. అందరూ అందరి మీదా దెబ్బ వేయగలిగే చోట, అంటే విలుకాళ్ల మధ్య, బలం సంఖ్య వర్గంతో పెరుగుతుంది. ఇరుకైన వరుస మీద ఎదురెదురుగా కత్తులతో పోరాడే చోట బలం సంఖ్యతో సమానంగానే పెరుగుతుంది.

ఒక యూనిట్‌కి ప్రాణం 1.5 రెట్లు, దెబ్బ 1.5 రెట్లు ఇచ్చారనుకోండి. రెండూ కలిపి 2.25. విలుకాళ్ల లాంటి పోరులో దాని సరైన ధర 2.25కి వర్గమూలం, అంటే 1.5 రెట్లు. ఇరుకు వరుస పోరులో పూర్తిగా 2.25 రెట్లు. అసలు యుద్ధం ఈ రెండింటి మధ్య ఉంటుంది కాబట్టి 1.8 దగ్గర మొదలుపెట్టి ప్లేటెస్ట్‌లో సరిచూడండి. మేలైన కాల్బలాన్ని 1.5 రెట్లకే అమ్మితే ఇరుకు కనుమలో దాన్ని ఎవరూ కదిలించలేరు. మామూలు యూనిట్లు ఎవరూ కొనరు.

వరుసలు మార్చేటప్పుడు దళాలు ఒకదాన్నొకటి తోసుకుని ఇరుక్కుపోతున్నాయి. ఏం చేయాలి?

వెనక్కి వచ్చే దళం, ముందుకెళ్లే దళం రెండూ ఒకే దారి వెతుక్కుంటాయి కాబట్టి ఆ ఇరుకు. మార్పు జరిగే 15 సెకన్లు మీ సొంత దళాల మధ్య తాకిడిని పూర్తిగా తీసేయండి. చూడ్డానికి ఒకరిలోంచి ఒకరు నడిచినట్టు ఉంటుందనుకుంటే, దళాల మధ్య ఒక దళం వెడల్పు ఖాళీ వదిలి, వెనక వరుసని ఆ ఖాళీలకి ఎదురుగా నిలబెట్టండి. చదరంగం గళ్లలా ఉండే ఆ అమరిక రోమన్లదే.

ఊరికే దొరికే సదుపాయంగా మాత్రం పెట్టొద్దు. మారే సమయంలో రెండు దళాలకీ రక్షణ 3 తగ్గాలి. వచ్చిన తాజా దళానికి అలసట సున్నా, దాని వెనక నిలబడ్డ దళానికి నిమిషానికి 10 చొప్పున అలసట తీరాలి. వెనక తాజా వరుస ఉందన్న భరోసాకి ముందువాళ్లకి ధైర్యం 8 కలపండి. లాటిన్‌లో ‘పని త్రియారీ దాకా వచ్చింది’ అన్న మాట సామెతగా నిలిచిపోయింది, అంటే గత్యంతరం లేని దశ అని. మీ గేమ్‌లో కూడా త్రియారీ కదిలితే ఆటగాడి గుండె కొట్టుకోవాలి.

టెక్ ట్రీ ఎలా కట్టాలి? ఎన్ని టెక్నాలజీలు పెట్టాలి?

వందేళ్ల గేమ్‌కి 20 నుంచి 24 చాలు. ప్రతిదాన్నీ ఒకే ప్రశ్నతో పరీక్షించండి: ఇది వచ్చాక ఆటగాడు నిన్న చేయని పని ఏం చేస్తాడు? జవాబు లేకపోతే అది టెక్నాలజీ కాదు. ‘దాడి 5 శాతం పెరుగుతుంది’ అనేవన్నీ ఈ పరీక్షలో రాలిపోతాయి. రాలనివ్వండి.

రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. రోమన్లు చాలా ఆయుధాల్ని సొంతంగా కనిపెట్టలేదు, శత్రువు దగ్గర చూసి నేర్చుకున్నారు. కత్తి స్పెయిన్‌ది, గొలుసు కవచం కెల్టులది, ఐదు బారుల యుద్ధనౌక ఒడ్డుకి కొట్టుకొచ్చిన కార్తేజ్ ఓడని చూసి కట్టింది. మేలైనది కనిపిస్తే అందిపుచ్చుకోవడంలో వీళ్లని మించినవాళ్లు లేరని పాలిబియస్ మెచ్చుకున్నాడు. ఇంత చక్కటి సంగతి ఉండగా పండితులు గదిలో కూర్చుని పరిశోధన పాయింట్లు పోగేసే పద్ధతి రోమ్‌కి నప్పదు.

దాని బదులు ‘పరిచయం’ అనే కొలమానం పెట్టండి. ఒక జాతితో యుద్ధానికి 10, వాళ్ల ఊరు పట్టుకుంటే 20, వాళ్ల కిరాయి సైనికుల్ని పెట్టుకుంటే టర్న్‌కి 2. వంద చేరితే ఆ జాతి టెక్నాలజీ సగం ధరకి దొరుకుతుంది. ఓడిపోయిన యుద్ధానికి గెలిచినదానికన్నా ఎక్కువ ఇవ్వండి, 15 దాకా. ఓడినవాడే శ్రద్ధగా నేర్చుకుంటాడు, పైగా వెనకబడిన ఆటగాడికి కోలుకునే దారి దొరుకుతుంది.

మూడు ఉదాహరణలు:

స్పానిష్ కత్తి. క్రీ.పూ. 200లో రోమన్ల చేతిలో చనిపోయిన తమవాళ్ల ఒంటి మీద ఆ గాయాలు చూసి మాసిడోనియన్ సైనికులు బెదిరిపోయారని రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు. కాబట్టి దాడి ఒక్క పాయింటే పెంచండి, దీన్ని ఎప్పుడూ ఎదుర్కోని శత్రువుకి మొదటి రెండు యుద్ధాల్లో ధైర్యం 10 తగ్గించండి.

గొలుసు కవచం. కవచం 3 నుంచి 5 అవుతుంది, యూనిట్ ధర 40 శాతం పెరుగుతుంది, అలసట 15 శాతం త్వరగా వస్తుంది. ఎండాకాలపు ఆఫ్రికాలో ఆటగాడు దీన్ని వద్దనుకునే పరిస్థితి రావాలి.

రాళ్ల రోడ్డు. అప్పియన్ దారి క్రీ.పూ. 312లో, ఫ్లామినియన్ దారి 220లో మొదలయ్యాయి. రోడ్డు మీద సైన్యం వేగం రెట్టింపు. శత్రువుకి కూడా అంతే వేగం ఇవ్వండి, అప్పుడు ఎక్కడ వేయాలన్నది నిజమైన నిర్ణయం అవుతుంది.

‘మారియస్ సంస్కరణలు’ ఒకే బటన్‌గా పెట్టొచ్చా?

పెట్టొద్దు. సేనాపతి మారియస్ రోమన్ సైన్యాన్ని ఒక్కసారే మార్చేశాడని చూపడం చాలా గేమ్‌లు చేసే పొరపాటు. ఒక రోజు పొద్దున్నే పాత సైన్యం మాయమై కొత్తది వచ్చినట్టు ఉంటుంది. జరిగింది అలా కాదు. కోహార్ట్ అనే దళం క్రీ.పూ. 206లో స్పెయిన్‌లో ఇలిపా యుద్ధం నాటికే కనిపిస్తుంది. సైనికుడి బట్టల ఖర్చు ప్రభుత్వం పెట్టుకోవాలని రోమన్ నాయకుడు గయస్ గ్రాకస్ 123లో చట్టం తెచ్చాడు. ఆస్తి లేనివాళ్లని మారియస్ చేర్చుకున్నది 107లో, నుమిడియా రాజు జుగుర్తా మీద యుద్ధానికి. లీజియన్‌కి గద్ద గుర్తు ఒక్కటే ఉంచింది 104లో. ఒకేసారి జరిగిన సంస్కరణ అనే మాటని నేటి చరిత్రకారుల్లో చాలామంది ఒప్పుకోరు.

మీ గేమ్ ఈ కాలం దాకా సాగితే నాలుగు విడి టెక్నాలజీలుగా పెట్టండి, ప్రతిదానికీ ఒక మేలు, ఒక నష్టం ఉండాలి. బట్టల చట్టం: సైనికుడి ధర తగ్గుతుంది, ఖజానా ఖర్చు పెరుగుతుంది. గద్ద జెండా: చుట్టూ ధైర్యం 15 పెరుగుతుంది, శత్రువు చేతికి చిక్కితే ఆ లీజియన్‌కి శాశ్వతంగా 20 తగ్గుతుంది. కోహార్ట్: ఒక్కోదానిలో 480 మంది చొప్పున లీజియన్‌కి 10 యూనిట్లే, ఒక్కొక్కటి విడిగా కోట కాపలాకో, కనుమ పట్టుకోడానికో వెళ్లగలదు, కానీ వయసు వరుసలు పోతాయి.

ఆస్తి లేనివాళ్ల చేరిక వీటిలో పెద్దది. సైన్యంలో చేర్చుకోదగ్గవాళ్ల సంఖ్య ఒక్కసారిగా పెరుగుతుంది. కానీ యుద్ధం ముగిశాక వాళ్లకి పొలం కావాలి. పొలం ఇప్పించేది సేనాపతి కాబట్టి విశ్వాసం ప్రభుత్వం నుంచి అతని వైపు జరుగుతుంది. క్రీ.పూ. 88లో సేనాపతి సుల్లా తన సైన్యాన్ని రోమ్ మీదికే నడిపించాడు. ప్రతి సేనాపతికి విశ్వాసపు పట్టీ పెట్టి, అది 80 దాటితే తిరుగుబాటు జరిగే అవకాశం టర్న్‌కి 5 శాతం పెట్టండి. విరుగుడు తొలి చక్రవర్తి ఆగస్టస్ దగ్గరుంది: క్రీ.శ. 6లో పెట్టిన సైనిక నిధి, సైనికుడు దిగిపోయేటప్పుడు 12,000 సెస్టర్సులు (రోమన్ నాణేలు).

ఏనుగుల్ని ఎలా బ్యాలెన్స్ చేయాలి?

ప్రాణం తగ్గించో, ధర పెంచో బ్యాలెన్స్ చేయాలని చూడకండి. ఏనుగు బలం, బలహీనత రెండూ ఒక్క చోటే ఉన్నాయి: బెదిరితే ఎటు పరిగెడుతుందో తెలియదు. క్రీ.పూ. 280లో హెరాక్లియాలో రోమ్‌తో పోరాడిన ఎపిరస్ రాజు పిర్రస్ దగ్గర 20 ఏనుగులే ఉన్నాయి, అలవాటు లేని రోమన్ గుర్రాలు బెదరడమే గెలుపుకి దారితీసింది. 202లో జామాలో హానిబాల్ 80 తెచ్చాడు. రోమన్ సేనాపతి సిపియో దళాల మధ్య తిన్నని దారులు వదిలి, వాటిలో వెలితేస్‌ని పెట్టాడు. కొన్ని ఏనుగులు ఆ దారుల్లోంచి బయటికెళ్లిపోయాయి, కొన్ని వెనక్కి తిరిగి సొంత గుర్రపు దళం మీదే పడ్డాయి.

కాబట్టి ఏనుగు యూనిట్‌కి ‘బెదురు’ పట్టీ ఇవ్వండి. ప్రతి ఈటె దెబ్బకి 4, మావటి చనిపోతే 30, బూరల మోతకి 5. వంద చేరితే దిక్కు ఏనుగే ఎంచుకుంటుంది, దగ్గర్లో ఖాళీ ఎటు ఉంటే అటు. రోమన్ ఆటగాడికి ‘దారులు తెరువు’ ఆజ్ఞ ఇవ్వండి. కార్తేజ్ ఆటగాడికి కూడా చివరి ఆయుధం ఒకటుంది: క్రీ.పూ. 207లో మెటారస్ యుద్ధంలో బెదిరిన ఏనుగుల్ని మావటులే ఉలి, సుత్తితో మెడ దగ్గర కొట్టి చంపారు. ఆ బటన్ నొక్కితే ఏనుగు పోతుంది, సైన్యం మిగులుతుంది.

మనవాళ్లు తరచు అడిగే అనుబంధ ప్రశ్న: భారతీయ ఏనుగులు వేరుగా పెట్టాలా? పెట్టండి. క్రీ.పూ. 190 ప్రాంతంలో మాగ్నీషియా దగ్గర సిరియా రాజు ఆంటియోకస్ వైపు 54 భారతీయ ఏనుగులు, రోమన్ల వైపు 16 ఆఫ్రికా ఏనుగులు ఉన్నాయి. ఎదురు పెడితే ఆఫ్రికా ఏనుగులు నిలవలేవని తెలిసి రోమన్లు తమవాటిని వెనకే ఉంచారు. అప్పట్లో సైన్యాలు వాడిన ఆఫ్రికా ఏనుగులు చిన్న రకం. భారతీయ ఏనుగుకి ప్రాణం 30 శాతం ఎక్కువ, ఎదురుగా ఉన్న ఆఫ్రికా ఏనుగుకి బెదురు టర్న్‌తో సంబంధం లేకుండా సెకనుకి 1 పెట్టండి.

రికాబు టెక్నాలజీ ఏ దశలో రావాలి?

రాకూడదు. రోమన్ రిపబ్లిక్ కాలంలో రికాబు లేదు, ఐరోపాకి చేరింది కొన్ని వందల ఏళ్ల తర్వాత. లేకపోయినా రౌతులు గట్టిగానే పోరాడారు. సామ్రాజ్య కాలంలో నాలుగు కొమ్ముల జీను తొడల్ని బిగించి పట్టేది.

పార్థియన్ గుర్రపు విలుకాళ్లు వస్తే గేమ్ పాడవుతోంది. ఎవరూ వాళ్లని పట్టుకోలేకపోతున్నారు.

ఇది క్రీ.పూ. 53లో కారేలో రోమన్ సేనాపతి క్రాసస్‌కి ఎదురైన సమస్యే. ఏడు లీజియన్లకి ఎదురుగా వచ్చింది సుమారు పదివేల మంది రౌతులు. బాణాలు అయిపోతాయని రోమన్లు ఓపికపట్టారు. ఒంటెల మీద బాణాల మోపులు వెనకే ఉన్నాయని తెలిసేసరికి ఆశ పోయింది.

కనుక బాణాలకి లెక్క పెట్టండి, విలుకాడికి 30. నింపడానికి ‘ఒంటెల బిడారు’ అనే విడి యూనిట్ మ్యాప్ మీద కనిపించాలి, దాన్ని చంపొచ్చు, దారి మళ్లించొచ్చు. రెండో విరుగుడు వడిసెలగాళ్లు. సీసపు గుండ్లతో వడిసెల దెబ్బ పార్థియన్ బాణం కన్నా దూరం పోయేది, రోమన్ సేనాపతి ఆంటోనీ దండయాత్రలో వాళ్లు బాగా అక్కరకొచ్చారు. వడిసెలకి దూరం 10 శాతం ఎక్కువ ఇవ్వండి చాలు.

డాళ్లని పైకప్పులా కలిపే తాబేలు వ్యూహం, అంటే టెస్టూడో, మూడోది. ఎగిరొచ్చేవాటి నుంచి నష్టం 80 శాతం తగ్గాలి, నడక మూడో వంతుకి పడాలి, కత్తి పోరులో దాడి సగమవ్వాలి. క్రీ.పూ. 36లో ఆంటోనీ సైనికులు డాళ్ల కింద మోకరిల్లితే అలసి కూలబడ్డారనుకుని పార్థియన్లు గుర్రాలు దిగి దగ్గరికొచ్చారు, వీళ్లు ఒక్కసారిగా లేచి మీద పడ్డారు. తాబేలు నుంచి దూకుడికి మారిన మొదటి 10 సెకన్లకి బోనస్ పెడితే ఆటగాళ్లు ఈ ఎత్తుని తామే కనుక్కుంటారు.

కార్వస్ వంతెన పెడితే సముద్ర యుద్ధాలన్నీ రోమ్ గెలిచేస్తోంది.

మొదట్లో గెలవాలి కూడా. కార్వస్ అంటే కాకి. ఓడ ముందుభాగంలో కొయ్యకి కట్టిన 36 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పున్న వంతెన, చివర ఇనుప ముక్కు. శత్రు ఓడ మీద పడితే ముక్కు చెక్కలో దిగుతుంది, సైనికులు నడిచి దాటతారు. క్రీ.పూ. 260లో మైలే దగ్గర రోమన్ సేనాపతి దువిలియస్ గెలిచింది దీనితోనే.

నష్టాన్ని వాతావరణంలో పెట్టండి. ఓడకి ముందు బరువు పెరిగితే వేగం 10 శాతం తగ్గాలి, తుఫానులో మునిగే అవకాశం రెట్టింపవ్వాలి. క్రీ.పూ. 255లో సిసిలీలోని కమరీనా తీరంలో 364 ఓడలున్న నౌకాదళంలో 80 మాత్రమే మిగిలాయి. ఓడ నడిపేవాళ్ల హెచ్చరిక వినకపోవడమే కారణమని పాలిబియస్ అంటాడు, కార్వస్ బరువు కూడా తోడయ్యిందని కొందరు నేటి చరిత్రకారుల అంచనా. తర్వాతి యుద్ధాల్లో ఆ వంతెన ఊసు వినపడదు. గేమ్‌లో నావికుల అనుభవం పెరిగేకొద్దీ ఆటగాడే కార్వస్ తీసేయాలనుకోవాలి, అందుకని తీసేసే బటన్ ఉండాలి.

తిండి లెక్క అవసరమా? విసుగు పుట్టదా?

గింజ గింజా లెక్కపెట్టిస్తే పుడుతుంది. కానీ తిండి లేకుండా రోమన్ యుద్ధం లేదు. కాల్బలంలో ఒక్కొక్కరికి నెలకి మెడిమ్నస్‌లో (ఒక గ్రీకు ధాన్యపు కొలత) మూడింట రెండు వంతుల గోధుమ, అంటే సుమారు 35 లీటర్లు, రోజుకి 900 గ్రాములకి కాస్త తక్కువ. 4,200 మందికి రోజుకి 3.7 టన్నులు. కంచర గాడిద 125 కిలోలు మోస్తుందనుకుంటే రోజు తిండికి 30 గాడిదలు, పది రోజులకి 300. వాటికీ మేత కావాలి.

దీన్ని ఆటగాడికి ‘ఎన్ని రోజుల తిండి ఉంది’ అన్న ఒకే అంకెగా చూపండి. రేవు పక్కనుంటే తగ్గదు. రోడ్డు మీద రోజుకి ఒకటి, అడవిలో ఒకటిన్నర తగ్గుతుంది. కోతల కాలంలో శత్రువు పొలాల మీద పడితే పెరుగుతుంది. ఈ ఒక్క అంకె ఉంటే ఎప్పుడు బయల్దేరాలి, ఏ తీరం వెంట నడవాలి అన్నవి దానంతటవే ప్రశ్నలవుతాయి.

ముట్టడిలో ఏ యంత్రాలు పెట్టాలి?

యంత్రాల కన్నా ముందు పార పెట్టండి. క్రీ.పూ. 52లో గాల్ కోట అలేసియా చుట్టూ సీజర్ లోపలి వైపు 11 రోమన్ మైళ్లు, బయటి సాయం రాకుండా మరో 14 మైళ్లు కట్టించాడు. మన లెక్కలో 16, 21 కిలోమీటర్లు. మధ్యలో మూడడుగుల లోతు గోతులు, వాటిలో చెక్కిన కొయ్యలు, ఎనిమిది వరుసలు. సైనికులు వాటిని ‘లిల్లీలు’ అనేవారు. కాబట్టి ప్రతి కాల్బలానికీ ‘పని’ అనే విలువ ఇవ్వండి, త్రవ్వే పనికీ పోరుకీ అలసట ఒకే ఖాతాలోంచి పోవాలి. పగలంతా త్రవ్విన దళం రాత్రి దాడిని ఆపలేకపోవాలి.

యంత్రాల పేర్లు మాత్రం తెలుగులోకి ఇట్టే దిగుతాయి: స్కార్పియో తేలు, టెస్టూడో తాబేలు, గోడ పగలగొట్టే దూలం అరియెస్ అంటే పొట్టేలు. తేలుని గురి చూసి ఒక్కొక్కరిని కొట్టే ఆయుధంగా పెట్టండి, గోడల మీద దాని ప్రభావం సున్నా. రాళ్లు రువ్వే ఒనేజర్ క్రీ.శ. నాలుగో శతాబ్దపు మాట, మన కాలానికి రాదు.

పెద్ద యుద్ధం ఒకటి ఓడితే ఆట ముగిసిపోతోంది. హానిబాల్ చేతిలో కానేలో ఓడాక రోమ్ ఎలా నిలబడింది?

మనుషుల వల్ల. క్రీ.పూ. 225 నాటి లెక్కలో రోమ్, మిత్రులు కలిపి 7 లక్షలకి పైగా కాల్బలం, 70 వేల రౌతులు ఆయుధం పట్టగలవాళ్లు. 216లో కానేలో లివీ లెక్కన 48 వేలమంది పోయారు. అదే ఏడాది ప్రభుత్వం 8,000 మంది బానిసల్ని కొని సైన్యంలో పెట్టింది, కొన్నేళ్లలో 20కి పైగా లీజియన్లు నిలబడ్డాయి.

అందుకని రోమ్‌కి యూనిట్లు బలంగా కాక, నింపుకోవడం తేలికగా ఉండాలి. హానిబాల్ వైపు ఒక్కో యూనిట్ మేలు, పోతే తిరిగి రాదు. ఆ కొత్త మనుషులు మిత్రనగరాల నుంచి వస్తారు కనుక హానిబాల్ ఆటగాడి అసలు లక్ష్యం ఆ నగరాల్ని విడగొట్టడం. ప్రతి మిత్రనగరానికి విశ్వాసపు అంకె, అది సగానికి తగ్గితే సైన్యం పంపడం ఆపేస్తుంది, పాతికకి తగ్గితే పక్షం మారుతుంది.

ఏఐ ఎప్పుడూ త్రియారీని ముందే పంపేస్తోంది.

బలం ఎక్కువున్న యూనిట్‌ని మొదట ఎంచుకోమని రాసి ఉంటారు. ఎంపికని బలంతో కాక వరుస సంఖ్యతో మొదలుపెట్టండి. ముందు వరుస సగటు ధైర్యం 35కి దిగితేనే తర్వాతి వరుసకి అనుమతి, పక్క నుంచి దాడి వస్తే మాత్రం త్రియారీకి మినహాయింపు.

గేమ్‌లో తెలుగు అక్షరాలు విరిగి కనిపిస్తున్నాయి. పేర్లు ఎలా రాయాలి?

వత్తులు, గుణింతాలు విడివిడిగా పడుతున్నాయంటే మీ ఇంజిన్‌లో అక్షరాల్ని కలిపే భాగం లేదన్నమాట. గోడో 4లో ఆ పని చేసే హార్ఫ్‌బజ్ లోపలే ఉంది కాబట్టి ‘ప్రింకిపేస్’ సరిగ్గా వస్తుంది, గోడో 3లో రాదు. యూనిటీలో టెక్స్ట్‌మెష్ ప్రో మామూలుగా తెలుగుని కలపలేదు, అదనపు ప్లగిన్ కావాలి. లేదంటే మారని పేర్లని ముందే బొమ్మలుగా చేసి పెట్టుకోవాలి. పరీక్షకి ‘స్త్రీ’, ‘క్ష్మ’, ‘ర్య’ ఉన్న వాక్యం ఒకటి ప్రతి తెర మీదా వేసి చూడండి.

పేర్ల విషయంలో లాటిన్ ‘త’ని మన ‘త’తోనే రాయండి. ఇంగ్లీషు నోట పలికిన ‘ట’ కన్నా అదే మూలానికి దగ్గర: హస్తాతి, వెలితేస్, త్రియారీ. బటన్ మీద లాటిన్ పేరు, కింద చిన్న అక్షరాల్లో తెలుగు వివరణ ఒక్క మాటలో పెట్టండి: ముందు వరుస, నడిమి వరుస, చివరి వరుస.